నీల్ గ్రహం ఠాకుమా

ఆ రబ్బరు తొడుగుకి వీపు మీద మెడ నుంచి నడుము దాకా జిప్పు ఉంటుంది. దాన్ని పొద్దున పైకి లాగడం, సాయంత్రం కిందికి లాగడం నా ఉద్యోగం. పేరుకి మాత్రం కాస్ట్యూమ్స్ మాస్టర్ భానుమూర్తిని. కలకత్తా టాలీగంజ్ స్టూడియోల్లో జమీందార్లకి కోట్లు కుట్టాను, పెళ్లికూతుళ్లకి చీరలు కట్టించాను, చివరికి ఈ వయసులో వేరే గ్రహం వాళ్లకి జిప్పులు లాగుతున్నాను. ఏం చేస్తున్నారండీ అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి కూడా విసుగే.

ఆ తొడుగు లోపల ఉండే మనిషి పేరు అప్పలలక్ష్మి. ఉండేది ఏక్‌బాల్‌పూర్‌లో. బెంగాలీలో రోజూ సాయంత్రం వచ్చే ‘నీల్ గ్రహేర్ రాణి’ సీరియల్లో నీలి గ్రహం రాణికి ఒక ముసలి నాయనమ్మ ఉంటుంది. ఒళ్లంతా పొలుసులు, మెడ చుట్టూ గొట్టాలు, గుమ్మడికాయంత తల. అది ఈవిడే. రాణి వేషం వేసే సమీరకి మొహాన కాస్త నీలం పూస్తే సరిపోతుంది, ఆ అమ్మాయి బొమ్మ బస్సుల మీద కూడా ఉంది. అప్పలలక్ష్మి మొహం ఒక్క ఎపిసోడ్‌లో కూడా ఎవరికీ కనబడలేదు. సెట్టు మీద అందరూ ఠాకుమా అనే పిలుస్తారు. బెంగాలీలో ఠాకుమా అంటే నాయనమ్మే. అసలు పేరు జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. ఈవిడ ఇక్కడే పుట్టింది, రేవులో పనిచేసే గురువులునే చేసుకుంది. అతని నడుము పోయి మంచం పట్టాక నాలుగిళ్లలో వంటలు చేసింది. ఆ రోజుల్లో ఎవరో స్టూడియోకి ఆడవాళ్లు కావాలన్నారు, శవం సీన్లో వెనక కూర్చుని ఏడవడానికి. అందరూ కొంగు అడ్డం పెట్టుకుని ముక్కులు ఎగబీలుస్తుంటే ఈవిడ మాత్రం నేల మీద అరచెయ్యి కొట్టి, రాగం తీసి, నిజం శోకం పెట్టింది. శవం వేషం వేసిన పెద్దమనిషి భయపడి కళ్లు తెరిచాడు. అప్పట్నుంచి ఎక్కడ చావు సీనున్నా ఆవిడకే కబురు. కలకత్తా సీరియళ్లలో ఎంతమంది మీద పడి ఏడ్చిందో ఆవిడకే లెక్క తెలియదు.

మా వైపు చావింటికి వచ్చిన ఆడవాళ్లు పలకరింపులు పెట్టుకోరు. సరాసరి వచ్చి ఆ ఇంటి ఆడమనిషి మెడ పట్టుకుంటారు. మెడ మీద మెడ వేసుకుని, పోయినవాళ్లని పిలుస్తూ రాగాలు తీసి ఏడుస్తారు. చెప్పవలసిందీ, అడగవలసిందీ, తిట్టవలసిందీ అన్నీ ఆ ఏడుపులోనే అయిపోతాయి. వచ్చినవాళ్లకి మెడ ఇవ్వకుండా మొహం తిప్పుకుంటే మాత్రం చుట్టరికం తెగినట్టే. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఈ ఠాకుమా వేషం మొదట కుర్రాళ్ల చేత వేయిద్దామనుకున్నారు. ఒకడు లైట్ల వేడికి కళ్లు తిరిగి పడిపోయాడు, రెండోవాడు మర్నాడు రాలేదు. వంటింట్లో మగ్గిన మనిషి కదా, అప్పలలక్ష్మి తట్టుకుంది. ఒంటి తొడుగుతో పెద్ద బాధ లేదు, బాధంతా తలతోనే. తల తొడిగాక దాని అంచుని దవడల చర్మానికి బంకతో అతికించాలి, అప్పుడే ఆవిడ నోరు కదిపితే రబ్బరు నోరు కదులుతుంది. తీసేటప్పుడు కొబ్బరినూనె వేడిచేసి, దూదితో అద్దుకుంటూ, నెమ్మదిగా విడదీయాలి. తొందరపడి పీకితే దాంతోపాటు చర్మం కూడా వస్తుంది. మధ్యలో ఎమర్జెన్సీ వస్తే వెనక నుంచి కత్తెరతో కోయడం ఒక్కటే దారి. కోస్తే ఆ తల ఇంక పనికిరాదు, కొత్తది చేయించేదాకా యూనిట్ అంతా చేతులు కట్టుకు కూర్చోవాలి.

వాళ్లమ్మ పోయిన రోజు అప్పలలక్ష్మి ఆ తలలోనే ఉంది.

ఆ ముసలావిడ చిన్నకూతురు జగ్గమ్మ దగ్గర, టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. సెట్టు మీదకి ఫోన్లు తేకూడదు కాబట్టి అప్పలలక్ష్మి సంచీ నా దగ్గరే పెట్టేది. జగ్గమ్మ ఫోన్ నేనే ఎత్తాను, నేనే వెళ్లి చెప్పాను. తల మీద గాజు కళ్లు, లోపల కళ్లు ఏం చేస్తున్నాయో కనబడదు.

“అన్నా, ఇప్పుడిది కోసీస్తే ఏటౌద్ది?” అని అడిగింది.

“షూటింగ్ ఆగిపోద్ది. ఆగితే ఆగనీ, నువ్వెల్లు” అన్నాను.

ఇంతలో డైరెక్టర్ ఆశిష్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, నిద్ర లేనివాడు. రోజూ సీరియల్ తీసేవాళ్లలో మంచీ చెడ్డా ఉండరు, నిద్ర లేనివాళ్లే ఉంటారు. “ఒక్క షాట్ మాసీ. అది అవగానే నేనే బండిచ్చి పంపిస్తాను” అన్నాడు. మాసీ అంటే పిన్ని, అతనొక్కడే ఆవిణ్ని అలా పిలిచేవాడు. అప్పలలక్ష్మి చుట్టూ చూసింది. లైట్ల వాళ్లు, టీ ఇచ్చే మనిషి, తనలాగే రోజుకూలీకి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు, అందరూ ఆవిడకేసే చూస్తున్నారు. తల ఊపింది. ఆ ఒక్క షాట్‌లో హీరో డైలాగ్ మర్చిపోయాడు. తరవాత జనరేటర్ ఆగింది. ఆ తరవాత ఇంకో ఒక్క షాట్ అన్నారు.

ప్యాకప్ అయ్యాక నేను నూనె గిన్నె స్టవ్ మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి, తల పీకేసి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. రెండు దవడలూ ఎర్రగా, తోలు తీసినట్టు. తీసినట్టేమిటి, తీసే ఉంది. ఒక్కదాన్నీ పంపడానికి మనసొప్పక టాక్సీలో నేనూ వెళ్లాను. శిబ్‌పూర్ ఘాట్ చేరేసరికి అంతా అయిపోయింది, బూడిద మీద నీళ్లు పోస్తున్నారు.

అప్పలలక్ష్మి చేతులు చాపుకుంటూ చెల్లెలి దగ్గరకి వెళ్లింది. జగ్గమ్మ ఆవిడ మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

“రంగైనా కడుక్కోలేదేటే అప్పా? అయిపోనాయా నీ వేషాలు? ఎవల కోసం వొచ్చినావు ఇప్పుడు?” అంది, బంధువులందరి ముందూ. అని మొహం తిప్పుకుంది. మెడ ఇవ్వలేదు.

“అది రంగు కాదమ్మా” అనబోయాను. అప్పలలక్ష్మి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తిరుగు దారిలో, “నువ్వు సెప్పకన్నా. దానికి అగుపడకపోతే నానెందుకు సెప్పాల?” అంది. అన్ని శవాల మీద రాగాలు తీసిన మనిషి సొంత తల్లికి ఒక్క చుక్క రాల్చలేదు. అభిమానం ఆవిడకి అలా అడ్డం పడింది. దానికి నాకు ఒళ్లు మండింది కూడా.

మర్నాటి నుంచి మామూలే. అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు.

ఇప్పుడు ఠాకుమా భాష సంగతి చెప్పాలి. నీలి గ్రహం వాళ్లకి ఒక భాష ఉండాలి కదా. రాసేవాడికి తీరిక లేదు. “నోటికి వచ్చింది ఏదో ఒకటి అను మాసీ, తరవాత గొంతు మార్చి మెషిన్ సౌండ్ పెట్టేస్తాం” అన్నాడు ఆశిష్. మొదట్లో అప్పలలక్ష్మి గల్ల గుల్ల అని ఏదో అనేది. రెండు ముక్కల తరవాత అదీ అయిపోయేది. కావాలంటే ఇంట్లో మీరూ ప్రయత్నించి చూడండి, అర్థం లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో. దాంతో తెలుగులోకి దిగింది. కూరలో ఉప్పు, గురువులు నడుము, బస్సులో తొక్కిసలాట, అన్నీ అందులోనే. సెట్టు మీద అర్థమయ్యేవాణ్ని నేనొక్కణ్ని. ఆ చాకిరీలో నాకు నవ్వొచ్చిన సందర్భాలంటే అవే.

ఒకరోజు భూమి నుంచి వచ్చిన హీరోని ఠాకుమా తిట్టే సీను. “బాగా కోపంగా, ఊపిరి తిప్పుకోకుండా తిట్టాలి మాసీ” అన్నాడు ఆశిష్. అప్పలలక్ష్మి హీరో మొహంలోకి వేలు చూపించింది.

“పది మందిలో నన్ను అడుగుతావేటే, ఎవల కోసం వొచ్చినావని? నీ ఇంట్లో అమ్మ మంచం ఎక్కడేసినావే జగ్గీ? బాత్రూం గుమ్మం కాడ! మీ ఆయన టీవీకి హాల్లో జాగా ఉన్నాది, అమ్మకి నేదు! నాను నీ ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మ సేతులు సల్లగుండీవి. దుప్పటైనా కప్పినావేటే?”

హీరో నిజంగానే బెదిరిపోయాడు. సెట్టంతా చప్పట్లు కొట్టారు. కొట్టనివాణ్ని నేనొక్కణ్నే.

తరవాతి వారం ఇంకో సీను. నీలి గ్రహానికి వెలుగిచ్చే నక్షత్రం ఆరిపోతుంది, ఠాకుమా ఒంటరిగా ఏడవాలి. అప్పలలక్ష్మి నేల మీద కూలబడింది. లేని కొంగుని తల మీదకి లాక్కుంది. అరచేత్తో నేల కొట్టి, రెండు చేతులూ ఎదురుగా ఉన్న గాలికి చాపి, మెడ వంచింది. “అమ్మా, నువ్వు పోనావని కబురొచ్చినాదే, నాను రానేదే. ఒక్క షాటన్నారే, నమ్మీసినానే. జగ్గీ, రంగు కాదే, అది రంగు కాదే, తోలు ఊడిపోనాదే. నువ్వు సేసినంత నాను అమ్మకి సెయ్యనేదే. నీ మంచం మాట ఎత్తకుండా ఉండాల్సిందే నాను. ఒక్కపాలి మెడియ్యే చెల్లీ.” కట్ చెప్పడం ఆశిష్ మర్చిపోయాడు. అదేదో గ్రహం వాళ్ల ఆచారం కనిపెట్టిందనుకుని తెగ మెచ్చుకున్నాడు.

జిప్పు లాగుతూ నేనన్నాను, “ఈ ముక్క చెల్లెలితో అనరాదా?”

“బయటికొస్తే నోరు రాదన్నా” అంది.

సీరియల్ వాళ్లకి చేతిలో ఎప్పుడూ పదిహేను ఎపిసోడ్లు ఉండాలంటారు. వానలకి సెట్లోకి నీళ్లొచ్చి, షూటింగ్ ఆగి, ఆ నిల్వ కరిగిపోతూ వచ్చింది. ముందు తీసిన సీన్లని కూడా ఏ రోజుకి ఆ రోజు సిద్ధం చేసి పంపవలసిన పరిస్థితి. గొంతు మార్చే తీరిక లేదు. సౌండ్ చూసే గోపీనాథ్ అప్పలలక్ష్మి గొంతుకే కాస్త ప్రతిధ్వని కలిపి వదిలేశాడు. జనానికి నచ్చింది, ఇంక అదే ఖాయం చేశారు. మాకెవరూ చెప్పలేదు. ప్రసారమయ్యే వేళకి ఆవిడ బస్సులో నిలబడి ఉంటుంది. నాకైతే రోజంతా చూసిన రబ్బరుని ఇంటికెళ్లి మళ్లీ చూసే ఓపిక లేదు.

తిట్ల ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం ఆవిడ ఇల్లు చేరేసరికి గురువులు మంచం మీంచే అడిగాడట, “ఏటే, మీ చెల్లిని టీవీలో ఉతికీసినావట?” అని. టికియాపారా రైల్వే లైన్లో ఉన్న తెలుగువాళ్లంతా విన్నారు. బాత్రూం గుమ్మం, హాల్లో టీవీ, కప్పని దుప్పటి. అదీ ఆ హాల్లో ఉన్న టీవీలోంచే.

మర్నాడు అప్పలలక్ష్మి మొహంలో నెత్తురు లేదు. “దాని పరువు తీసీసినానన్నా” అంది. జగ్గమ్మకి ఫోన్ చేస్తే కట్ చేసేసింది. బల్ల మీద తల ఆనించుకుని కూర్చుంది. కాసేపటికి లేచి, “అయితే అన్నా, తిట్టినది ఇనబడితే ఏడిసినదీ ఇనబడతాది కదేటి?” అంది. అవును కదా అన్నాను. నక్షత్రం ఆరిపోయే ఎపిసోడ్ శుక్రవారం ఉంది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆ రెండు రోజులూ కుక్కర్‌లో ఉడికినట్టు తొడుగులో ఉడుకుతూ కూడా నాతో జోకులేసింది.

గురువారం ఛానెల్ నుంచి ఉత్తర్వు వచ్చింది. న్యూ టౌన్‌లో ఉండే మృత్యుంజయ గారనే తెలుగు బ్యాంకు ఆఫీసరు ఫిర్యాదు రాశారట. ఒకటి, మా భాషని రాక్షసుల భాషగా చూపించడం అవమానం. రెండు, ఆ మాట్లాడేది కూడా సరైన తెలుగు కాదు. ఆయన బాధ ఆయనది, కాదనను. కానీ రాక్షసి మాట్లాడితే తెలుగని గుర్తుపట్టి, మనిషిగా చూస్తే తెలుగు కాదనడం ఏం న్యాయమో నాకు బోధపడలేదు. ఛానెల్ వాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. ఇక నుంచి ఠాకుమాకి మెషిన్ గొంతే అన్నారు. శుక్రవారం నుంచే.

అప్పలలక్ష్మి ఆశిష్ దగ్గరకి వెళ్లింది. ఎవర్నీ ఏమీ అడగని మనిషి. “ఆ ఒక్క ఏడుపు ఉంచెయ్ బాబూ, తరవాత కుక్క అరుపు పెట్టినా నేనేమీ అనను” అంది, తనకొచ్చిన బెంగాలీలో.

“అందులో ఏముంది మాసీ?” అన్నాడు ఆశిష్.

చెప్పలేదు. తల దించుకుంది. నేను చెప్పబోతే నాకేసి చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. ఆశిష్ ఛానెల్‌కి ఫోన్ చేశాడు, బతిమాలాడు, అవతలివాళ్లు వినలేదు. శుక్రవారం సాయంత్రం ఆవిణ్ని బస్సెక్కనివ్వకుండా స్టూడియో టీ దుకాణంలో టీవీ ముందు కూర్చోబెట్టాను. తెర మీద ఠాకుమా కూలబడింది. నేల కొట్టింది. నోరు తెరిస్తే మిక్సీ తిరిగినట్టు గుర్రుగుర్రుమని చప్పుడు. అప్పలలక్ష్మి చివరిదాకా చూసి, గ్లాసు కింద పెట్టి, “బస్సెల్లిపోద్ది అన్నా” అని లేచింది. ఆ నడక చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ తరవాత కొన్నాళ్లకి సీరియల్‌కి ముగింపు పలికారు. ఆఖరి ఎపిసోడ్ షూటింగు రోజు, ఠాకుమా రాణిని ఆశీర్వదించే షాట్ ఒక్కటే మిగిలింది. తల తొడిగి, బంక పెట్టి, ఆరే దాకా ఆవిణ్ని డ్రెస్సింగ్ రూంలో కూర్చోబెట్టాను. తలుపు తోసుకుని ఒక ఆడమనిషి వచ్చింది. జగ్గమ్మ.

గాజు కళ్ల తలని ఎగాదిగా చూసింది. “అప్పా, నువ్వేనేటి అందులోన?”

తల ఊగింది.

“తిట్టినది మా వీధంతా ఇన్నాది. ఇంకేటి తిడతావో అని రోజూ కూకుని సూసినాను. ఆ శుక్కురారం గుర్రు గుర్రుమన్నాది. ఏటీ ఇనబడనేదు. మరి కొంగెందుకు లాక్కున్నావే? మెడకి సేతులెందుకు సాపినావే? అలాగ మన అమ్మ సాపీది. ఆరోజు ఏటన్నావో సెప్పు.”

అప్పలలక్ష్మి లేచింది, చేతులు చాపింది. జగ్గమ్మ కూడా ముందుకొచ్చింది. కానీ మధ్యలో ఆ గొట్టాలు, రబ్బరు పట్టీలు. జగ్గమ్మ చేతులు వాటి మీద తడుముకున్నాయి. “నీ మెడేదే? మెడేదే అప్పా?”

బయట ఎవరో షాట్ రెడీ అని కేకేశారు.

“అన్నా, కత్తెర” అంది అప్పలలక్ష్మి.

“షాట్ ఉందమ్మా. ఇంకో తల లేదు.”

“కొయ్యి.”

కోశాను. నడినెత్తి నుంచి మెడ దాకా, రబ్బరు రెండు పాయలయింది. నూనె, నూనె అంటూ నేను స్టవ్ వైపు తిరిగాను. ఆవిడ ఆగలేదు. రెండు చేతులతో పట్టి ముందుకి లాగేసింది. దవడలు రెండూ ఎర్రగా వచ్చేశాయి. ఊడిన తలకి లోపలి అంచున సన్నటి చర్మం అంటుకుని ఉంది.

జగ్గమ్మ ఆ అంచుని చూసింది. అక్క చెంప మీద వేలు ఆనించింది. వేలికి తడి అంటింది.

“ఓలమ్మో. రంగు కాదేటే అది? ఆ రోజు రంగు కాదేటే?”

అప్పలలక్ష్మి కాదని తల ఊపింది. జగ్గమ్మ మెడ వంచి ఇచ్చింది. ఆ చిన్న గదిలో రేకుల కప్పు అదిరేలా ఇద్దరూ రాగం ఎత్తుకున్నారు, అమ్మా అమ్మా అని.

ఆశిష్ పరుగున వచ్చి గుమ్మంలో ఆగాడు. కోసిన తలని చూశాడు, వాళ్లని చూశాడు.

“ఏమైంది భానూ దాదా?”

“వాళ్లమ్మ పోయింది.”

“అదెప్పుడో కదా?”

“ఏడవడం ఇవాళ కుదిరింది” అన్నాను.

ఆశిష్ వెనక్కి తిరిగి, లైట్లు ఆపెయ్యమని చెప్పాడు.